పంటి గాటు

పోయిన వారం జోయెల్ ముంజేతిని పోచయ్య పట్టుకున్న దగ్గర ఆగాం. ఆ పట్టు ఇంకా వదల్లేదు. వదిలేలోపు, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పేస్తే అందరం కలిసి ముందుకు వెళ్లొచ్చు.

అది యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎవరూ పెద్దగా వాడని పాత ఇండోర్ హాలు. ఆదివారం మధ్యాహ్నం. తార్నాకలో కోచింగ్ సెంటర్ పైన ఉన్న తన స్టూడియోలో చోటు చాలక, విష్ణువర్ధన్ ఆ హాలును అద్దెకు తీసుకున్నాడు. మనుషులు పుట్టకముందు ఈ నేల మీద తిరిగిన డైనోసార్ల గురించి అతను తీస్తున్న డాక్యుమెంటరీ ఆరు భాగాలది. అందులో కొండలూ నదులూ కెమెరాతో తీసినవి. జంతువులు మాత్రం కంప్యూటర్లో పుట్టినవి. వాటికి నడకా, ఊపిరీ, కోపమూ నేర్పే పని సౌమ్యది. నాలుగు భాగాలు సాఫీగా దాటాయి. అయిదో దాంట్లో మాంసం తినే డైనోసార్లైన రెండు రాజసారస్‌లు ఒక కళేబరం కోసం కొట్టుకోవాలి. అక్కడ బండి దిగబడింది. సౌమ్య తయారుచేసిన పోరును ఛానెల్ వాళ్లు మళ్లీ మళ్లీ తిప్పి పంపారు. "బరువు లేదు, దెబ్బ తగిలినట్టే లేదు" అన్నారు.

అప్పుడు, సిరీస్‌కు సలహాలిచ్చే జియాలజీ ప్రొఫెసర్ రాఘవేంద్ర ఒక దారి చూపించాడు. బలమైన మనుషులిద్దరికి సెన్సర్లు అతికించిన సూట్లు తొడిగి పోట్లాడిస్తే, ఆ కదలికలు కంప్యూటర్లోని జంతువులకు అందుతాయి. అంబర్‌పేట్ తాలీంలో కుస్తీ నేర్పే పోచయ్య పేరు చెప్పిందీ ఆయనే. రెండోవాడిగా సౌమ్య తన తమ్ముణ్ణే తీసుకొచ్చింది. జోయెల్ యూనివర్సిటీ కబడ్డీ జట్టులో ఆడతాడు. సూటు వేసుకోవడానికి అతను చొక్కా విప్పాడు. కొన్నాళ్లుగా ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటున్నాడు. కుడి ముంజేతి మీద, రెండు కొడవళ్లు ఎదురెదురుగా పెట్టినట్టు, మాని ఎర్రబారిన మచ్చ. పోచయ్య కన్ను దాని మీద పడింది. చెయ్యి పట్టుకున్నాడు.

"గీ గాటు ఏంది తమ్మీ?"

"కుక్క కరిచిందన్నా," అన్నాడు జోయెల్. "లాలాపేట్‌ల. మా గల్లీలనే."

పోచయ్య బొటనవేలితో ఆ మచ్చను ఒకసారి రుద్దాడు. పై వరుస మీద, తర్వాత కింది వరుస మీద.

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న సౌమ్య నవ్వుతూ కలగజేసుకుంది. "నేనే తీసుకెళ్లి ఇంజెక్షన్లు వేయించానన్నా. ఇంత మనిషయ్యుండి, సూది చూసిన ప్రతిసారీ నా చెయ్యి పట్టుకునేవాడు."

పోచయ్య తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు అంతుపట్టలేదు.

"మంచిగ చేసినవ్ చెల్లే," అన్నాడు. జోయెల్ చెయ్యి వదిలేసి, వెనక్కి తిరిగి, తన రెండు చేతులూ నడుము మీద పెట్టుకున్నాడు. "కట్టుండ్రి సార్."

చేతులు కట్టడం విష్ణువర్ధన్ ఆలోచన. రాజసారస్‌కు ముందు కాళ్లు ఉండీ లేనట్టే. మొండి కొమ్మల్లా రెండు వేలాడుతుంటాయి, దేనికీ పనికిరావు. దాని బలమంతా మెడలో, నుదుటి కొమ్ములో, నడుములో ఉంటుంది. మనిషికి చేతులు వదిలేస్తే తోయడానికైనా ఆపడానికైనా అవే ముందుకొస్తాయి, కదలిక చెడిపోతుంది. అందుకని క్రేప్ బ్యాండేజీ చుట్టలు తెప్పించాడు. జోయెల్ కూడా సూటు తొడుక్కున్నాక, తనే దగ్గరుండి, మోకాలు తన్నిపెట్టి లాగి, ఇద్దరి మణికట్లకూ ముళ్లు బిగించాడు.

"సరిపోయిందా పహిల్వాన్?"

"ఇంకింత గట్టిగ కట్టుండ్రి. ఊడొద్దు."

విష్ణువర్ధన్‌కు ఆ మాట భలే నచ్చింది. "చూడు సౌమ్యా, ఇదీ పని మీద భక్తి అంటే!" అన్నాడు. అతనిది కర్నూలు. తండ్రి సెక్రటేరియట్ ఉద్యోగంతో హైదరాబాదు వచ్చి పాతికేళ్లు దాటినా, ఉత్సాహమొస్తే మాటలో ఊరు తొంగిచూస్తుంది. "కెమెరావాళ్లు బిర్యానీ తిని వచ్చేలోపల మనం ఒక టేకు లాగేద్దాం. కెమెరా ఎందుకు, మనకు కావలసింది సూట్లలో ఉండాది."

ఇద్దరి గొంతుల దగ్గరా ఊపిరి చప్పుడు కోసం చిన్న మైకులు పెట్టారు. ఆ చప్పుడు హెడ్‌ఫోన్లలో సౌమ్య ఒక్కదానికే వినిపిస్తుంది. తెర మీద, బూడిద రంగు ఒళ్లుతో, ఇంకా చర్మం వెయ్యని రెండు జంతువులు నిలబడి ఉన్నాయి. పోచయ్య ఊపిరి పీల్చితే పెద్దదాని పక్కటెముకలు లేచాయి. జోయెల్ మెడ విరుచుకుంటే చిన్నది తల అటూ ఇటూ తిప్పింది.

"కానీండి!" అన్నాడు విష్ణువర్ధన్.

మొదట ఇద్దరూ చుట్టూ తిరిగారు. జోయెల్ కబడ్డీ ఆటగాడు. కాలి మునివేళ్ల మీద తేలికగా కదులుతూ, నుదురు వంచి పోచయ్య భుజాన్ని ఒకసారి తట్టి వెనక్కి దూకాడు. పోచయ్య కదల్లేదు. రెండోసారి తట్టాడు. అప్పుడూ కదల్లేదు. మూడోసారి జోయెల్ దగ్గరకు రాగానే పోచయ్య ఒక్కడుగు ముందుకేసి నుదుటితో అతని ముక్కు మీద పొడిచాడు.

ఎండు పుల్ల విరిగిన చప్పుడు సౌమ్య చెవుల్లో పడింది. తెర మీద చిన్న రాజసారస్ తల వెనక్కి ఎగిరి, ఒళ్లంతా అదిరి, వెనక కాళ్లు తడబడ్డాయి. ఇన్నాళ్లుగా ఆమె ఎంత పెనుగులాడినా రాని బరువు అది. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం, ఆమె మనసు పనివాళ్ల మనసులాగే ఉప్పొంగింది. తర్వాత తెర మీంచి చూపు మళ్లించి హాలు మధ్యకు చూసింది. జోయెల్ ముక్కులోంచి రక్తం గడ్డం దాకా కారుతోంది.

"సార్, దెబ్బ తగిలింది వాడికి."

"పోట్లాటలో తగలదా? పోనీ."

జోయెల్ కూడా అదే అనుకున్నట్టున్నాడు. తల విదిలించి, కోపంగా, భుజంతో దూసుకొచ్చాడు. పోచయ్య పక్కకు తప్పుకుని, వెళ్లేవాడి పిక్క మీద కాలితో కొట్టాడు. చేతులు కట్టేసి ఉన్నవాడు పడితే ఆపుకోవడానికి ఏమీ ఉండదు. జోయెల్ చెంప ముందుగా సిమెంటు గచ్చును తాకింది. లేవబోయాడు. పోచయ్య మోకాలు అతని వీపు మీద దిగింది.

అప్పుడే హెడ్‌ఫోన్లలో మాటలు మొదలయ్యాయి. చాలా నెమ్మదిగా, చెవిలో చెబుతున్నట్టు.

"మా తమ్ముని పేరు ఎంకన్న. ఎర్కనా నీకు?"

జోయెల్ రొప్పుతున్నాడు.

"ఆటో నడిపెటోడు. ఉగాది ముందట, తార్నాకలకెళ్లి గీ క్యాంపస్ రోడ్డుకు మలుగుతుంటే ఒక కారు అద్దానికి తాకింది. గంతే. పట్టపగలు. తల పలగ్గొట్టిండ్రు."

"అన్నా... వదులన్నా..."

"కుక్క అన్నవ్ కదరా. కుక్క పన్ను చీరుతది. గిట్ల వరుసగ దిగదు. మా ఎంకన్నకు మీది వరుసల పన్ను ఒకటి సగం ఇరిగింది, చిన్నప్పుడు బాయిల దుంకి. నీ చెయ్యి మీద గా పన్ను జాగ గట్లనే ఖాళీ ఉన్నది."

సౌమ్యకు ఆసుపత్రి బెంచీ మీద తన పక్కన కూర్చుని, నర్సు సూది తీస్తుంటే కళ్లు మూసుకున్న తమ్ముడు కనిపించాడు. ఎన్నిసార్లు వెళ్లారు! ప్రతిసారీ దారిలో చెరుకురసం తాగించింది. అమ్మ విజయకుమారి ఆ గల్లీ కుక్కల్ని శపిస్తూ, తాను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేటప్పుడు చేతిలో గొడుగు కర్రలా పట్టుకుని నడిచేది. ఇదంతా అబద్ధమా? అబద్ధానికి సాక్ష్యంగా సూదులు కూడా పొడిపించుకున్నాడా వీడు?

"ఆపండి!" అంటూ లేచింది. "సార్, ఆపించండి! ఆయన నటించడం లేదు, నిజంగా కొడుతున్నాడు!"

విష్ణువర్ధన్ తెర మీంచి కళ్లు తిప్పలేదు. అక్కడ పెద్ద మృగం చిన్నదాని వెన్ను తొక్కిపట్టి, మెడ వంచి, కొమ్ముతో దాని తల నేలకు రాస్తోంది.

"నాకూ కనపడతాంది. అందుకే ఆపద్దంటాండా."

"సార్!"

"ఊరికే కూర్చో సౌమ్యా. దీని కోసమే కదా ఇన్నాళ్లూ ఏడుస్తాండేది? ఆ మెడ తిప్పేది చూడు. ఎవడు చేస్తాడు అట్ల?" ఆమె భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కాడు. కుర్చీలో కూలబడింది. మళ్లీ లేవబోతే మళ్లీ నొక్కాడు. ఆ చేతిలో చనువు లేదు. ఇనప గడియలా ఉంది.

హాలు మధ్యలో జోయెల్ ఎలాగో ఒళ్లు మెలితిప్పి వెల్లకిలా తిరిగాడు. రెండు కాళ్లూ ముడిచి పోచయ్య పొట్టలో తన్నాడు. ఆ దెబ్బకు పోచయ్య రెండడుగులు వెనక్కి తూలాడు. జోయెల్ మోకాళ్ల మీద లేచి, తల వంచుకుని, ఎద్దులా వచ్చి అతని డొక్కలో గుద్దాడు. ఇద్దరూ కలిసే పడ్డారు. పోచయ్య నోట్లోంచి గాలంతా బయటికి వచ్చింది. కానీ పడుతూనే కాళ్లు పెనవేసి, దొర్లి, పైకి వచ్చాడు. ఈసారి అతని మోకాలు జోయెల్ గొంతు మీద ఆనింది.

సౌమ్య హెడ్‌ఫోన్ల తీగ పట్టి లాగింది. తీగ ఊడి, లోపల గుసగుసగా ఉన్నదంతా స్పీకర్లలోంచి హాలు నిండా మోగింది.

"ఇద్దరుండిరి!" పోచయ్య గొంతు నాలుగు గోడలకూ తగిలింది. "ఒకడు పట్టుకున్నడు, ఒకడు కొట్టిండు. పట్టుకున్నోని చెయ్యి కొరికిన అన్నడు మా తమ్ముడు, దవాఖానల. గదే ఆఖరి మాట. గా తర్వాత వానికి మాటే లేదు, కుడి దిక్కంత పడిపోయింది. ఇయ్యాల మా ఇంటామె బువ్వ తినిపిస్తె తింటున్నడు. పట్టుకున్నోనివి నువ్వు. కొట్టినోడెవడు? పేరు చెప్పు, నిన్ను ఇడుస్త!"

సౌమ్య భుజం మీది చెయ్యి జారిపోయింది.

ఆమె ఉరికింది. "అన్నా, వదిలెయ్! పోచయ్యన్నా, నీ కాళ్లు పట్టుకుంటా, వాడు చచ్చిపోతాడన్నా!" చేతులతో పోచయ్య భుజాన్ని గుంజింది, వీపు మీద గుద్దింది. బండరాయిని గుద్దినట్టుంది. పోచయ్యకు ఆమె అక్కడున్నట్టే తెలియలేదు. జోయెల్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. కాళ్లు నేలకేసి కొట్టుకుంటున్నాయి. పెదాలు కదులుతున్నాయి, ఏదో అనబోతున్నాడు, మాట రావడం లేదు. పోచయ్య అది గమనించినట్టు మోకాలు కాస్త సడలించాడు.

"చెప్పు."

"వి..." అన్నాడు జోయెల్.

ఆ క్షణంలోనే ఎవరో సౌమ్య చేతుల్లో బరువైనదేదో పెట్టారు. లైటు విప్పేసిన ఇనుప స్టాండు. పక్కన విష్ణువర్ధన్, ముఖమంతా చెమటతో, ఆమె చెవిలో అరుస్తున్నాడు. "చంపేస్తాడు నీ తమ్ముణ్ణి! కొట్టు! తల మింద కొట్టు! ఏం చూస్తాండావ్, కొట్టు!"

సౌమ్య కొట్టింది.

ఎప్పుడు ఎత్తిందో, ఎక్కడ చూసి దించిందో ఆమెకు తెలియదు. ఆ దెబ్బ స్టాండు మీదుగా మోచేతుల దాకా పాకి, పళ్లు జివ్వుమన్నాయి. పోచయ్య అరవలేదు. తల మెల్లగా తిప్పి ఆమెను చూశాడు. చెవి పైనుంచి రక్తం ఒక్కసారిగా దూకి మెడ మీదికి దిగింది. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచి, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. కట్టేసిన చేతులు వీపు కింద పడ్డాయి. స్పీకర్లలో అతని ఊపిరి ఒకసారి గురగురమని, ఆగి, మళ్లీ సన్నగా మొదలైంది.

సౌమ్య స్టాండు వదిలేసింది. అది గచ్చు మీద గణగణలాడుతూ దొర్లింది. జోయెల్ దగ్గర కూలబడి తల ఒళ్లోకి తీసుకుంది. అతను దగ్గాడు, రక్తం ఉమ్మాడు, మళ్లీ దగ్గాడు.

"ఎందుకు కొట్టావక్కా?" అన్నాడు మొట్టమొదట.

"చంపేసేవాడురా నిన్ను!"

"వదిలేశాడక్కా. పేరు చెప్పబోతున్నా. ఎన్నాళ్ల నుంచో ఎవరికో ఒకరికి చెప్పాలని..." మాట తెగిపోయింది. ముక్కులోంచి రక్తంతో కూడిన బుడగ వచ్చింది. "కుక్క కాదక్కా."

"తెలిసింది," అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ఎందుకు పట్టుకున్నావ్ ఆయన్ని?"

"విడదీద్దామనే. ఆటో ఆయనా, కార్లో నా పక్కనున్నాయనా దిగి తిట్టుకుంటున్నారు, నేను ఆటో ఆయన్ని వెనకనుంచి పట్టుకున్నా. ఇంతలో రెండో ఆయన డిక్కీ తీసి జాకీ రాడ్ పట్టుకొచ్చాడు. మొదటి దెబ్బ పడగానే నేను వదిలెయ్యాలి. వదిలేస్తే ఆ మనిషి పారిపోయేవాడు. భయంతో చేతులు బిగుసుకుపోయాయక్కా. అప్పుడే కొరికాడు. కొరికినా వదల్లేదు. రెండో దెబ్బ... నా చేతుల్లో ఉండగానే పడింది."

సౌమ్య ఇక "ఎవరు" అని అడగలేదు. అడిగే పని లేకపోయింది.

ఉగాది ముందు రోజుల్లో జోయెల్ డ్రైవరుగా ఎవరి కారు నడిపాడు? ఆ కారు అద్దం మార్పించి, వారం తిరక్కుండా అమ్మేసింది ఎవరు? ఆ నెలలోనే తనను పిలిచి, "ఇకమీద యానిమేషన్ అంతా నీ చేతి కిందే" అని చెబితే, తన పనితనం చూసి ఇచ్చారని ఇంటికి మిఠాయి డబ్బా పట్టుకెళ్లింది. చర్చి ఆఫీసులో పనిచేసే నాన్న జోసెఫ్ ఆదివారం ప్రార్థనలో లేచి నిలబడి కృతజ్ఞతలు చెప్పాడు. ఆ మిఠాయి జోయెల్ ముట్టుకోలేదు. కడుపు బాలేదన్నాడు.

ఇంకా ఎందుకు, ఇప్పుడు కళ్లముందు జరిగింది చాలదా? తమ్ముడి ముక్కు పగిలినా ఆపనివ్వని మనిషి, గొంతు మీద మోకాలు పెట్టినా ఆపనివ్వని మనిషి, పేరు అడిగేసరికి తన చేతికి ఇనుప కడ్డీ ఇచ్చాడు.

తలుపు గడియ పడిన చప్పుడైంది. విష్ణువర్ధన్ హాలు తలుపు లోపలి నుంచి వేసి, వాళ్ల వైపు నడిచి వస్తున్నాడు. పరుగు లేదు. జేబు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"చెప్పేసినాడా?"

సౌమ్య తమ్ముడి తలను ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

"సౌమ్యా, నిదానంగా విను. ఆ పొద్దు ఆ ఆటోవాడు నన్ను అమ్మ పేరు పెట్టి తిట్టినాడు. చంపాలని కాదు నేను కొట్టింది. ఒక్కొక్క గడియ అట్లాంటిది వస్తాది. ఇప్పుడు నీకు రాలేదా? నువ్వు చంపాలనే కొట్టినావా?"

"మీరే ఇచ్చారు నా చేతికి."

"ఎవరు చూసినారు? ఒక పహిల్వాను నీ తమ్ముని మింద పడినాడు. నువ్వు కొట్టినావు. స్టాండు మింద రక్తం ఉండాది, దాని మింద నీ చేతి గుర్తులుండాయి. నేను విడదీయబోయినా. ఇదే నేను చెప్పేది. మీ నాయన చర్చి ఆఫీసులో ఎట్ల కూర్చుంటాడో నువ్వే ఆలోచించుకో." కొంచెం ఆగి, గొంతు మెత్తబరిచాడు. "లేదంటే వేరే రకంగా కూడా చెప్పుకోవచ్చు. షూటింగ్‌లో కాలు జారి పడినాడు. తల గచ్చుకు తగిలింది. అంతే. జోయెల్ మీద ఏ మాటా రాదు. నీ మీదా రాదు."

ఏ మాటా రాదు. ఆ రెండో దారి ఎంత నున్నగా ఉందో సౌమ్యకు ఒంట్లో తెలిసింది. ఒళ్లో తమ్ముడి తల వేడిగా, బరువుగా ఉంది. అవునంటే చాలు. ఆసుపత్రికి తీసుకెళ్లి, ఇంటికి తీసుకెళ్లి, అమ్మకు ఇంకో అబద్ధం చెబితే సరిపోతుంది. ఇంకో కుక్క కథ.

"ఆయన బతికే ఉన్నాడు సార్," అంది.

నిజమే. పోచయ్య ముఖం నేలకేసి, మోకాళ్లు ఒక్కొక్కటే కిందికి లాక్కుంటున్నాడు. చేతుల ఊతం లేకుండా లేవాలి. నుదురు గచ్చుకు ఆనించి నడుము ఎత్తాడు. మళ్లీ ఒరిగాడు. మళ్లీ ఎత్తాడు. ఎర్రటి మరక అతని వెంట సాగుతోంది. నోట్లోంచి ఒకే మాట వస్తోంది, స్పీకర్లు దాన్ని పెద్దది చేసి వినిపిస్తున్నాయి. "ఎవడు... ఎవడు..."

విష్ణువర్ధన్ అటు చూశాడు. ఇప్పటిదాకా అతని ముఖంలో బేరమాడే మనిషి ఉన్నాడు. ఆ మనిషి మాయమైపోయాడు.

"బతికుంటేనే కదా కష్టం," అన్నాడు.

వంగి, రుమాలు చుట్టుకున్న చేత్తో స్టాండు అందుకున్నాడు.

హాల్లో నలుగురున్నారు. ఇద్దరి చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. సౌమ్యవి రెండే చేతులు, విప్పగలిగింది ఒక్కరినే. ఒళ్లో ఉన్నవాడు తోడబుట్టినవాడు. అటు ఉన్నవాడు, విప్పితే ఏం చేస్తాడో తెలియనివాడు, తను తల పగలగొట్టినవాడు. ఆమె జోయెల్ తలను నేల మీద పెట్టింది. ఎంత మెల్లగా పెట్టిందో! తర్వాత మోకాళ్ల మీదే పాకి పోచయ్య వెనక్కి చేరింది.

ముడి చెమటతో, రక్తంతో తడిసి రాయి అయిపోయింది. గోళ్లు దిగడం లేదు. "అన్నా, నేనన్నా, కదలకు," అంటోంది. ఏం అంటోందో తెలియకుండానే అంటోంది. ఒక గోరు విరిగింది. బ్యాండేజీ ఒక పొర వదులైంది. నేల మీద బూట్ల చప్పుడు దగ్గరైంది. తలెత్తేసరికి స్టాండు పైకి లేచి ఉంది. చెయ్యి అడ్డం పెట్టింది. ఎడమ మోచేయి దగ్గర ఏదో విరిగి, కళ్ల ముందు తెల్లగా మెరిసింది. ఆమె అరుపు స్పీకర్లలో కూడా వినిపించింది. ఒక్క కుడి చెయ్యే మిగిలింది. దాంతోనే మళ్లీ ముడి పట్టుకుంది.

రెండో దెబ్బ ఆమె తల మీద పడాల్సిందే. పడలేదు. జోయెల్, కట్టిన చేతులతో, నేల మీద దొర్లుకుంటూ వచ్చి విష్ణువర్ధన్ కాళ్లకు అడ్డం పడ్డాడు. విష్ణువర్ధన్ తూలి అతని మీదుగా ముందుకు పడ్డాడు. స్టాండు చేజారి దూరంగా పోయింది. "లం... కొడకా!" అంటూ లేచి కూర్చుని, జోయెల్ డొక్కలో బూటు కాలితో తన్నాడు. ఇంకోసారి తన్నాడు. పక్కటెముకల దగ్గర మూడోసారి తన్నినప్పుడు జోయెల్ గొంతులోంచి చప్పుడు కూడా రాలేదు.

"జోయెల్!" అంది సౌమ్య. వేళ్లు మాత్రం ఆగలేదు. పొర కింద పొర. చివరి చుట్టు.

ముడి ఊడిపోయింది.

పోచయ్య చేతులు రెండు పక్కలకూ వాలాయి. చాలాసేపు కట్టేసి ఉంచడంతో నల్లబడ్డ ఆ చేతుల్ని ముందుకు తెచ్చుకుని, అవి తనవేనా అన్నట్టు చూసుకున్నాడు. వేళ్లు ముడిచాడు, విప్పాడు. గచ్చు మీద అరచేతులు ఆనించి లేచి నిలబడ్డాడు. చెవి పక్కనుంచి రక్తం చుక్కలు చుక్కలుగా భుజం మీద పడుతోంది. నిలబడ్డ మనిషి ఆకారం చూసి విష్ణువర్ధన్ తన్నడం ఆపేశాడు. నేల మీద కూర్చునే వెనక్కి వెనక్కి జరిగాడు, వీపు తలుపుకు తగిలేదాకా.

"వాడే," అంది సౌమ్య, విరిగిన చేతిని ఒడిలో పెట్టుకుని. "మీ తమ్ముణ్ణి కొట్టింది వాడే అన్నా."

పోచయ్య విన్నాడు. విష్ణువర్ధన్‌ను ఒకసారి నింపాదిగా, గుర్తుపెట్టుకోవడానికన్నట్టు చూశాడు. తర్వాత తల తిప్పాడు.

"నువ్వు జర పక్కకు జరుగు చెల్లే," అన్నాడు.

నడిచాడు. తలుపు వైపు కాదు. చేతులు వెనక్కి కట్టేసి ఉండి, కదలకుండా పడి ఉన్న జోయెల్ వైపు.